అక్క రెండోసారి రుచి చూసిన జొన్న బీరు

అక్క పోయింది. మొన్న మంగళవారం పొద్దున పంజాగుట్టలో ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టడం మర్చిపోయాడు. అటువైపు ఎవరినో చక్రాల మంచం మీద తోసుకుపోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను స్టవ్ ఆర్పి, చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని బయల్దేరాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది, తలుపు తాళం వెయ్యలేదని. ఇన్నేళ్ళ కాపురంలో నేను తాళం మర్చిపోయింది అప్పుడే.

బీర్ల మీద అభిప్రాయాలు చదవడానికి ఈ పేజీకి వచ్చే మీకు ఆవిడ పేరు తెలీదు. ప్రతి రాత కిందా 'అక్క' అని మాత్రమే ఉండేది. అలాగే ఉండాలని ఆవిడే అంది. ఇవాళ కూడా అలాగే ఉంచుతున్నాను. ఆవిడ రుచి చూసి చెప్పేది, నేను రాసి ఇక్కడ పెట్టేదాన్ని. మా ఇద్దరి పని అంతే. ఆ రాతలు ఎందుకు ఆగిపోయాయని మీలో చాలామంది అడిగారు. జవాబు రాస్తానంటే "ఇప్పుడొద్దు చెల్లె" అనేది. ఇప్పుడు రాస్తున్నాను.

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్‌లో మాకు ఎదురు ఫ్లాట్ ఆవిడది. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైంది. భర్త అంతకు ముందే పోయాడు. కొడుకు కుటుంబంతో యూసుఫ్‌గూడలో ఉంటాడు. మాది తెనాలి వైపు. మా ఇళ్ళలో కల్లు అనే మాటే పెద్దవాళ్ళ ముందు అనకూడదు. వాళ్ళ నాన్న మాత్రం ఈత చెట్లు గీసేవాడు. చిన్నప్పుడు పొద్దున్నే ముంతలు దించాక, ఏది పులిసింది, ఏది పిల్లలకి పోయొచ్చు అని మొదట అక్క నోటికే అందించేవాడట. "మా నాయిన నన్ను బడికి పంపకముందే నా నాలుకను బడికి పంపిండు" అనేది.

రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు పంజాగుట్టలో ఒక బార్‌కి తీసుకెళ్ళారు. చిన్న చిన్న బ్రూవరీలు కాచిన బీర్లు పీపాల్లో తెప్పించి పోసే చోటు అది. అందరూ తాగి బాగుందన్నారు. అక్క మాత్రం మేనేజర్ని పిలిచి, "గీ పీపా ఎండల పెట్టిండ్రా?" అని అడిగిందట. ఆయన తెల్లబోయి, లారీ చెడిపోయి ఒక పూట ఎండలో ఉండిపోయిందని ఒప్పుకున్నాడట. మర్నాడు మా ఇంటికొచ్చి, నవ్వుతూ ఈ సంగతి చెప్పి, "నేను చెప్త, నువ్వు రాస్తవా?" అంది.

"నాకు బీరు వాసన కూడా తెలీదక్కా" అన్నాను.

"గందుకే అడుగుతున్న. తాగనోళ్ళు రాస్తేనే సాఫ్‌గ ఉంటది. తాగెటోళ్ళు రాస్తే సగం వాళ్ళ సంబురమే రాస్తరు."

నేను ఇంటి ఖర్చు ఏ రోజుది ఆ రోజు రాసుకునే మనిషిని. పాలవాడు రాని రోజు కూడా రాస్తాను. అది చూసే అడిగి ఉంటుంది. మా వారు మొదట్లో కంగారు పడ్డారు. తర్వాత మధ్యాహ్నం మేమిద్దరం హ్యాండ్ బ్యాగులు పట్టుకుని గుమ్మం దాటుతుంటే, "ఆఫీసుకేనా?" అని అడగడం మొదలుపెట్టారు. "అవును తమ్ముడూ, ఇయ్యాల ఇన్‌స్పెక్షన్ ఉన్నది" అనేది అక్క.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషన్. నీళ్ళ సీసా మూత తీసి పెట్టినంత సేపు పట్టదు. మధ్యాహ్నం బార్ ఖాళీగా ఉంటుందని అప్పుడే వెళ్ళేవాళ్ళం. కొత్తగా చేరిన వెయిటర్ ఎవరైనా నిమ్మరసం ఆవిడ ముందు, బీరు నా ముందు పెడితే అక్క గ్లాసులు మార్చేది. "గీమె రాసేటామె. తాగేటామెను నేను. ఉల్టా పెట్టకు బిడ్డా." ఒకడు మాత్రం ఇద్దరి మొహాలూ చూసి, సిగ్గుపడి, రెండు గ్లాసులూ బల్ల మధ్యలో పెట్టి పారిపోయాడు.

రుచి చూసే రోజున పొద్దుట్నుంచి పచ్చడి ముట్టదు. ఉల్లిపాయ ముట్టదు. బ్యాగులో ఉప్పు లేని మరమరాలు, మామూలు నీళ్ళు. గ్లాసుని చల్లటి నీళ్ళతో కడిగించి, గుడ్డ పెట్టి తుడవనివ్వకుండా బోర్లించమనేది. తుడిస్తే గుడ్డ వాసన వస్తుందని. మొదటి గుక్క మీద ఏమీ చెప్పేది కాదు. "మొదటి గుక్క దూపకు, రెండోది రుచికి" అనేది. దూప అంటే దాహం. రెండో గుక్క తర్వాత కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టేది. మీరు చదివిన ఆ మాటలన్నీ ఆవిడవే. ఒక గోధుమ బీరుని "పిల్లకు పోసిన గంజి మీది తేట" అంది. గోవా నుంచి వచ్చిన ఒక నల్ల బీరుని "కాపీ తాగిన గ్లాసు కడగకుండ నీళ్ళు పోసినట్టు" అంది. చేదులో ఆవిడకి వేపపువ్వు చేదు వేరు, మెంతి చేదు వేరు, కాకరకాయ చేదు వేరు. ఒకసారి నేను 'చేదుగా ఉంది' అని మాత్రమే రాస్తే ఊరుకోలేదు. "ఏ చేదో చెప్పకుంటే చదివేటోనికి ఏం సమజైతది?"

ఒక బీరు బాగా లేదంటే ఎందుకు బాగా లేదో చెప్పకుండా వదిలేది కాదు. "కాచినోళ్ళు దిద్దుకోవాలె గద. ఉట్టిగ తిట్టుడు మనకెందుకు?" ఎవరైనా మా రాతకి అభ్యంతరం చెబితే ఒకటే మాట అనేది. "నోరు అబద్ధమాడదు. మనిషాడుతడు."

నిరుడు ఆవిడకి షుగర్ ఉందని తేలింది. డాక్టర్ దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. ఆయన బీరు పూర్తిగా మానమన్నాడు. అక్క సగం మానింది. అంటే ఇంట్లో బాటిల్ తెరవడం మానేసి, బార్‌లో రుచి చూసే నాలుగైదు గుక్కలు మాత్రం ఉంచుకుంది. టీలో చక్కెర మానేసింది. పొద్దున నడవడం మొదలుపెట్టింది. కొడుక్కి మాత్రం చెప్పలేదు.

"చెప్తే గీ గుక్కెడు సుత తాగనియ్యడు" అంది.

"ఆరోగ్యం కదక్కా."

"ఆఫీసుల ముప్పై ఏండ్లు వేరేటోళ్ళు రాసిన ఫైళ్ళ మీద సంతకాలు పెట్టిన. నా సొంత మాట ఎవరన్న చదువుతున్నరంటే గీ పేజీలనే. జర ఉండనియ్యి చెల్లె."

నేను ఊరుకున్నాను.

వాకింగ్‌లో పరిచయమైన ఒకావిడ పొడపత్రి ఆకులు తెచ్చిచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండాకులు నమిలి మింగితే షుగర్ దిగుతుందని చెప్పింది. ఆ ఆకు నాలుకని ఏం చేస్తుందో ఆవిడా చెప్పలేదు, మాకూ తెలీదు. అక్క ఆ రోజే మొదలుపెట్టింది. భోజనం చేసి, ఆకు నములుతూ చెప్పులు తొడుక్కుని, నాతో మెట్రో ఎక్కింది.

ఆ రోజు రుచి చూసిందే జొన్న బీరు.

నగరం అంచున ఒక షెడ్డులో చిన్న బ్రూవరీ పెట్టుకున్న ఒకామె కాచింది అది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. వరంగల్ వైపు మనిషి. అంతకు ముందు ఆమె కాచిన గోధుమ బీరుని అక్క బాగా మెచ్చుకుంది. జొన్న బీరు తాగి మాత్రం మొహం చిట్లించింది. మళ్ళీ తాగింది. మరమరాలు నమిలి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ తాగింది. తర్వాత చెప్పింది, నేను రాశాను. మీకు గుర్తుండే ఉంటుంది. 'జొన్నలు వేసిన జాడే లేదు. గింజ తీపి ఇంతైనా లేదు. వేపాకు కడిగిన నీళ్ళకు నురుగు పెట్టినట్టు ఉంది. ఆ గోధుమ బీరు కాచిన చెయ్యేనా ఇది?'

ఆ రాత మిగతా వాటికన్నా ఎక్కువ మంది చదివారు. కడిగిన నీళ్ళ మాట పట్టుకుని చాలామంది నవ్వుకున్నారు. బార్‌వాళ్ళు ఆ బీరు తీసేశారు. ఇంకో రెండు చోట్ల కూడా వద్దన్నారని విన్నాం. అక్కకి బాధ కలిగింది గానీ, "ఉన్నదే చెప్పిన" అంది.

తర్వాత వినాయక చవితి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మండపం. మధ్యాహ్నం పూజయ్యాక లడ్డు ప్రసాదం పంచారు. భోజనం చేసి ఆకు నమిలి దిగొచ్చిన అక్క, ప్రసాదం కాదనకూడదని చిటికెడు నోట్లో వేసుకుంది. వేసుకుని అలాగే నిలబడిపోయింది. పక్కనున్నావిడని, "గిందుల చక్కెర మరిచిండ్రా?" అని అడిగింది. "లేదాంటీ, ఇంకా ఎక్కువైంది" అందావిడ.

సాయంత్రం దీపం పెట్టే వేళకి మా వంటింట్లోకి వచ్చింది. చేతిలో పొడపత్రి ఆకులు. నాకు ఒకటిచ్చి తనొకటి నమిలింది. కాసేపాగి చక్కెర డబ్బా తియ్యమంది. నేను చెంచాడు నోట్లో వేసుకున్నాను. ఇసుక. తడి ఇసుక నాలుక మీద కరుగుతున్నట్టుంది గానీ ఎక్కడా తీపి లేదు. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. స్టూలు మీద కూర్చుంది.

"గా జొన్న బీరు దినం సుత ఆకు తినే పోయిన గద" అంది.

నేను కూడా అప్పుడే ఆ రోజు గుర్తు తెచ్చుకున్నాను. చెప్పులు తొడుక్కుంటూ ఆవిడ నమలడం నా కళ్ళ ముందే జరిగింది.

"నోరు సుత అబద్ధమాడుతదే చెల్లె" అంది అక్క.

నేను నా పద్ధతిలో ఆలోచించాను. తప్పు పడింది, సరిచెయ్యాలి, వీలైనంత తక్కువ నష్టంతో. "మళ్ళీ ఒకసారి రుచి చూడండక్కా. ఈసారి బాగుంటే బాగుందని కొత్తగా రాద్దాం. ఆకు సంగతి ఎవరికి కావాలి?"

"ఎందుకు మారిందని అడిగితే?"

"ఈ బ్యాచ్ బాగా వచ్చిందని రాద్దాం."

"అంటే ముందుగాల కాచింది ఖరాబున్నట్టే గద? బీరు మారలే. నా నోరు మారింది. ఆకు తిన్నది నేను, మచ్చ ఆ పిల్ల మీద ఉంచుదామా?"

"ఆకు ఎందుకు తిన్నారో కూడా చెప్పాల్సొస్తుంది కదా. మీ అబ్బాయి ప్రతిదీ చదువుతాడు."

అక్క స్టూలు మీంచి లేచింది. చక్కెర డబ్బా మూత పెట్టి, దాన్ని నేను ఉంచే చోటే ఉంచి, వెళ్ళిపోయింది. ఆ పూట ఆవిడ ఇంట్లో టీవీ కూడా మోగలేదు. మర్నాడు పొద్దున తలుపు తట్టి, "ఆ పిల్ల నంబరియ్యి" అంది.

స్పీకర్‌లో పెట్టి మాట్లాడింది. అటువైపు గొంతు గట్టిగా ఉంది. "మళ్ళ ఏం రాస్తరమ్మా? రాసింది సరిపోలేదా? ట్యాంకు నిండ ఉన్నది, కొనేటోడు లేడు. ఒక గిలాస కడిగిన నీళ్ళు పొయ్యవా అని మా ఊర్లె సుత ఎక్కిరిస్తున్నరు."

"తప్పు నాది బిడ్డా. ఫోన్ల చెప్పేది కాదు. మీ తానికి వస్త. జర ఒక్క గిలాస పోస్తవా?"

అటువైపు ఏదో ట్యాంకు మూత గట్టిగా పడిన చప్పుడు. చివరికి, "రాండ్రి" అంది.

ఆ రోజు అక్క ఆకు ముట్టలేదు. పచ్చడి సరే, కూర కూడా ముట్టకుండా పెరుగన్నం తిని బయల్దేరింది. షెడ్డు దగ్గర ఆటో దిగేసరికి ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. కూర్చోమనలేదు. అక్క నిలబడే అంతా చెప్పింది. షుగర్, ఆకు, లడ్డు, అన్నీ. దాచింది లేదు, తగ్గించి చెప్పింది లేదు. ఆమె వింటూ వింటూ, "అయ్యో, ఆకా?" అంది. ఆ తర్వాత స్టీలు కుర్చీ ఒకటి తెచ్చి వేసింది.

ట్యాంకు నుంచి నేరుగా పోసింది. పండిన జొన్న కంకి రంగులో ఉంది. నురుగు గ్లాసు అంచు మీద నిలబడింది. అక్క ఎప్పటిలాగే మరమరాలు నమిలింది, నీళ్ళు తాగింది, గ్లాసెత్తింది. ఇదే చివరిసారని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. ఇదంతా రాసి పేజీలో పెట్టాక ఇంక కొడుకు ఒప్పుకోడు. అయినా తొందరపడలేదు, ఎక్కువసేపు పట్టుకోనూలేదు. ఎప్పుడూ ఎంత తాగేదో అంతే తాగింది. బీరు కాచినామె మాత్రం చేతులు కట్టుకుని అక్క మొహాన్నే చూస్తూ ఉంది. రెప్ప వెయ్యలేదు.

"జొన్నరొట్టె పెనం మీదికెళ్ళి తీసినంక, అంచు జర మాడి ఉంటది సూడు" అంది అక్క కళ్ళు మూసుకునే. "గా అంచు నమిలితే ఆఖరుకు ఒక తీపి వస్తది. గదీ."

"గదేనమ్మా!" అంది ఆమె. "గా మాడిన అంచు కోసమే మూడు సార్లు కాచిన. ఎవరన్న పట్టుకుంటరా అని సూస్తున్న."

అక్క కళ్ళు తెరిచింది. "మింగినంక జర వగరు మిగుల్తది. పొట్టు ఎక్కువ సేపు నానినట్టున్నది. గది సుత రాస్త."

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "రాయుండ్రి. గిప్పుడు ఏమన్న రాయుండ్రి."

ఇంటికొచ్చాక అక్క చెప్పింది చెప్పినట్టే రాశాను. దిద్దుబాటు ముందు, రుచి తర్వాత. 'నాకు షుగర్ ఉన్నది. అందుకని పొడపత్రి నమిలి ఈ బీరు తాగిన. ఆ ఆకు తీపిని తెలియనియ్యదు. తప్పు బీరుది కాదు, నాది.' చివర్లో 'మన్నించగలరు' అని చేర్చనా అని అడిగాను. "మన్నిస్తె ఆ పిల్ల మన్నించాలె. చదివేటోళ్ళ తోని మనకేం?" అంది. పేజీలో పెట్టే బటన్ ఎప్పుడూ నేనే నొక్కేదాన్ని. ఆ రోజు ఫోన్ తీసుకుని తనే నొక్కింది.

కొడుకు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మా గుమ్మంలోకే వినపడింది.

"ఊరందరికి చెప్పినవు. నాకు చెప్పలే."

"గిప్పుడు చెప్పిన గదరా."

"గిట్లనా చెప్పుడు? పేజీల చదివి తెలుసుకోవాల్నా నేను? నాయిన గీ షుగర్‌తోనే పోయిండు, యాది లేదా నీకు?"

అక్క వాడికి టీ పెడుతున్నట్టు గిన్నె చప్పుడు వినిపించింది. కాసేపటికి వాడు బయటికొచ్చి, నన్ను చూసి, "పిన్నీ, ఇంకా బార్‌కు తీస్కపోకుండ్రి" అన్నాడు. కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు.

మళ్ళీ వెళ్ళలేదు. ఒక్క గుక్క కూడా తాగలేదు. బార్‌వాళ్ళు జొన్న బీరు మళ్ళీ పెట్టారని ఫోన్ చేసి చెబితే "మంచిది" అని పెట్టేసింది. ఆ తర్వాతి నెలల్లో మధ్యాహ్నాలు మా వంటింట్లోనే కూర్చునేది. నా చారుని రెండు గుక్కల్లో పరీక్షించి, "ఇంగువ ముందుగాల ఏసినవ్" అనేది. కొత్త బీర్లు వచ్చాయని మీరెవరైనా రాస్తే నాతో చదివించుకునేది. రంగు ఎలా ఉందన్నారు, నురుగు నిలిచిందన్నారా అని అడిగేది. పోగొట్టుకున్నది తలుచుకుని ఏడ్చే మనిషి కాదు. ఒక్కసారి మాత్రం, నేను రొట్టెలు కాలుస్తుంటే మాడిన అంచు తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "తప్పు రాసి ఊకున్నట్టయితే, గీ రుచి ఉన్నదని నాకే తెల్వకపోతుండె" అంది.

తెలంగాణ ఇళ్ళల్లో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి కాకి ముందు ఉంచుతారు. కల్లు ఇష్టమైతే కల్లు కూడా. బుధవారం సాయంత్రం కొడుకు మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో అడగాలని ఉండి అడగలేకపోతున్నాడు.

"పిన్నీ, గా జొన్న బీరు ఏడ దొరుకుతది?"

నేను జొన్న బీరు కాచినామెకి ఫోన్ చేశాను. గురువారం పొద్దున, మేం పంజాగుట్ట శ్మశానానికి చేరేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. తడిగుడ్డ చుట్టిన సీసా చంటిపిల్లలా ఎత్తుకుని ఉంది.

అన్నం, మటన్, గారెలు, జొన్నరొట్టె విస్తరిలో పెట్టారు. కొడుకు గ్లాసు తెచ్చాడు. గ్లాసులో కాకి ముక్కు అందదని, నేను ఇంటి నుంచి ఒక వెడల్పాటి మట్టి మూకుడు తీసుకెళ్ళాను. సీసా మూత తీసి వాడు నా వైపు చూశాడు. ఎలా పొయ్యాలో వాడికి తెలీదు. నేను ఎన్నో ఏళ్ళు చూశాను గానీ ఎప్పుడూ పొయ్యలేదు. మూకుడు వంచి పట్టుకుని, అంచు మీదుగా నెమ్మదిగా వంపాను. నురుగు లేచి, పొంగకుండా నిలబడింది.

అందరం వెనక్కి జరిగాం. కాకులు ప్రహరీ మీద నుంచి దిగాయి. మటన్ ఎత్తుకెళ్ళాయి. గారె ముక్కకి కొట్టుకున్నాయి. మూకుడు జోలికి ఏదీ పోలేదు. "తాకకుంటె ఎట్ల పిన్నీ?" అన్నాడు వాడు చిన్నపిల్లాడిలా. బీరు కాచినామె చేతులు కట్టుకుని ఆ మూకుడునే చూస్తూ నిలబడింది.

ఎండ ఎక్కుతోంది. నురుగు కొంచెం కొంచెంగా కుంగుతోంది. అప్పుడొక కాకి నడుచుకుంటూ వచ్చి, మూకుడు అంచు మీద కూర్చుని, ముక్కు ముంచింది. తల పైకెత్తి మింగింది. ముక్కు చివర తెల్లటి నురుగుతో, ఎగిరిపోకుండా, తల ఒక పక్కకి వాల్చి అలాగే కూర్చుంది. మేం ముగ్గురం రెండో గుక్క కోసం దాని మొహంలోకి చూస్తున్నాం.